హోమ్ లోన్ ఫైళ్లలో మోసాలు: డీఎస్‌ఏలు, సేల్స్, క్రెడిట్ వాళ్లు ఎక్కడ చూడాలి?

#1 గుంటూరు_కనెక్టర్

అందరికీ నమస్తే. మన పనిలో, అంటే బ్యాంకులకు లోన్ ఫైళ్లు తెచ్చే డీఎస్‌ఏల (కమిషన్ ఏజెంట్ల) పనిలో, మోసం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, మన చేతుల మీదుగా బ్యాంకును ముంచేది: దొంగ ఐటీఆర్ (ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను), దొంగ దస్తావేజు, యజమాని వేషంలో వచ్చే దొంగ అమ్మకందారు. రెండోది నేరుగా మనల్నే ముంచేది: డీఎస్‌ఏ కోడ్ ఇప్పిస్తామని డిపాజిట్ గుంజడం, వాట్సాప్‌లో ఏపీకే (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) పంపడం లాంటివి. మొదటి రకంలో కూడా ముందు ప్రశ్న పడేది ఫైలు లాగిన్ చేసినవాడికే, అంటే బ్యాంకులో సమర్పించినవాడికే. ఫారం మీద సోర్సింగ్ కోడ్ (ఫైలు తెచ్చినవాడి నంబరు) అతనిదే కదా.

"జాగ్రత్తగా ఉండండి" టైపు సలహాలు దయచేసి వద్దు. ఏ కాగితం ఎక్కడి నుంచి తీయాలి, అందులో ఏ గడి చూడాలి, ఎందుకు చూడాలి, అంతవరకే రాయండి. బ్యాంకుల పేర్లు, బిల్డర్ల పేర్లు తీసుకురావద్దు.

#2 ఆర్‌సీయూ_డెస్క్

ఆదాయం కాగితాలతో మొదలుపెడతాను, ఎక్కువ ఫైళ్లు అక్కడే బోల్తా పడతాయి.

బ్యాంక్ స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లో అందరూ జీతం లైన్లే చూస్తారు. మార్చేవాడికీ ఆ సంగతి తెలుసు, అందుకే ఆ లైన్లు శుభ్రంగా ఉంటాయి. మీరు వడ్డీ లైను చూడండి. సేవింగ్స్ ఖాతాలో మూడు నెలలకోసారి వడ్డీ పడుతుంది. ఏడాదికి 2.5 శాతం అనుకుంటే, సగటున 5 లక్షలు నిలవున్న ఖాతాకు మూడు నెలలకు 3,100 పైచిలుకు రావాలి. స్టేట్‌మెంట్‌లో నిల్వ 5 లక్షలు కనిపిస్తూ వడ్డీ మాత్రం 412 రూపాయలు పడిందంటే అసలు నిల్వ 66 వేల దగ్గర ఉన్నట్టు. నిల్వల కాలమ్ మొత్తం మార్చినవాడు వడ్డీ అంకె మార్చడం మర్చిపోతాడు.

తర్వాత ఆర్‌టీజీఎస్ లైన్లు. ఆర్‌టీజీఎస్ కనీస మొత్తం 2 లక్షలు. 1,45,000 ఆర్‌టీజీఎస్‌లో వచ్చినట్టు ఉంటే ఇంక మిగతా పేజీలు తిప్పక్కర్లేదు. ఆర్‌టీజీఎస్ యూటీఆర్‌కు (లావాదేవీ నంబరుకు) 22 అక్షరాలు, నెఫ్ట్‌కు 16. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు 14 నుంచి రోజంతా, వారమంతా నడుస్తున్నాయి కాబట్టి ఆదివారం క్రెడిట్ పడటం తప్పు కాదు. చెక్కు క్లియరింగ్ ఆదివారం పడితే మాత్రం ఆగండి.

నిల్వల కూడిక తీసివేతలు ఎక్సెల్‌లో ఒకసారి నడపండి. నాలుగు నిమిషాల పని. అన్నిటికన్నా మేలైన దారి అకౌంట్ అగ్రిగేటర్: కస్టమర్ తన ఫోన్లో సమ్మతి ఇస్తే స్టేట్‌మెంట్ అతని చేతికి రాకుండా బ్యాంకు నుంచే వస్తుంది. దానికి ఒప్పుకోను, పీడీఎఫ్ మాత్రమే ఇస్తాను అనేవాడు దొంగ అని కాదు, కానీ ఆ ఫైలు మీద ఇంకో అరగంట పెట్టాలి.

#3 క్రెడిట్_బెజవాడ

పై దానికి కలుపుతున్నాను. ఫారం 16 (కంపెనీ ఇచ్చే జీతం, టీడీఎస్ సర్టిఫికెట్)లో పార్ట్ ఏ, ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ సైటైన ట్రేసెస్ పోర్టల్ నుంచి వస్తుంది. దానిమీద సర్టిఫికెట్ నంబరు, కంపెనీ టాన్ (టీడీఎస్ కట్ చేసేవాళ్ల నంబరు), త్రైమాసికాల వారీ టీడీఎస్ ఉంటాయి. ఆ నాలుగు అంకెలూ 26ఏఎస్‌తో (పాన్ మీద జమైన పన్నుల పట్టికతో) కలవాలి. 26ఏఎస్‌ను కస్టమర్ మెయిల్ చేయడం కాదు, మీ ముందు కూర్చుని ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో లాగిన్ అయ్యి దించాలి. పాస్‌వర్డ్ అతనే కొట్టాలి. మీరు అడిగి తీసుకుంటే రేపు ఇంకో తలనొప్పి మీ మెడకు చుట్టుకుంటుంది.

ఐటీఆర్‌లో దాఖలు తేదీలు చూడండి. ఆలస్యపు రిటర్ను ఆ అసెస్‌మెంట్ ఇయర్ డిసెంబరు 31తో సరి. రెండు మూడేళ్ల రిటర్నులు ఒకే వారంలో దాఖలయ్యాయంటే వాటిలో పాతవి అప్‌డేటెడ్ రిటర్నులు. అవి చట్టబద్ధమే, 2025 ఫైనాన్స్ చట్టంతో గడువు 48 నెలలకు పెరిగింది కూడా. కానీ లోను కోసం వండిన ఆదాయమా అన్న ప్రశ్న వేయాల్సింది అక్కడే. బ్యాంకు ఖాతాలో అంత టర్నోవరు తిరిగిందా అని చూడండి.

సీఏ సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ (ఆ ఒక్క కాగితానికే ఇచ్చే గుర్తింపు నంబరు) 18 అక్షరాలుంటుంది. మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి ఆరూ సీఏ మెంబర్‌షిప్ నంబరు. కింద రబ్బరు స్టాంపులో ఉన్న మెంబర్‌షిప్ నంబరుతో ఆ ఆరు అంకెలు కలవకపోతే యూడీఐఎన్ పోర్టల్ దాకా వెళ్లే పనే లేదు. కలిస్తే మాత్రం పోర్టల్లో తప్పక చూడండి. సీఏ ఎక్కించిన టర్నోవరు అంకెలు అక్కడ కనిపిస్తాయి. నిజమైన యూడీఐఎన్‌ను వేరే కాగితం మీద అతికించడమే ఇప్పుడు ఎక్కువ.

#4 పేఅవుట్_పెండింగ్

పాన్ ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం కావాలంటారు కదా, కలవకపోతే రిజెక్ట్ చేసేయొచ్చా అన్నా?

#5 క్రెడిట్_బెజవాడ

వద్దు. నాలుగో అక్షరం వ్యక్తులకు పీ, అది ఖాయం. ఐదోది "లాస్ట్ నేమ్" గడిలో రాసిన పేరుది. మనవాళ్లలో సగం మంది ఆ గడిలో అసలు పేరు రాసి, ఇంటిపేరును మొదటి గడిలో వేస్తారు. అందుకే మన దగ్గర అది ఒక్కటే చూసి దొంగ పాన్ అనకూడదు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో పాన్, పేరు, పుట్టినతేదీ మూడూ కొట్టి సరిచూడండి. ఆధార్ అయితే కార్డు మీది క్యూఆర్‌ను ఆధార్ యాప్‌తో స్కాన్ చేయండి, ఫొటో కూడా వస్తుంది. ఆ ఫొటో, కార్డు మీది ఫొటో, ఎదురుగా కూర్చున్న మనిషి, ముగ్గురూ ఒకరే కావాలి.

#6 లింకు_డాక్యుమెంట్

ఇప్పుడు ఆస్తి కాగితాల సంగతి. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) అనగానే కస్టమర్ ఇచ్చిన ప్రింటు ఫైల్లో పెట్టేస్తున్నారు. బ్రౌజర్లో వచ్చిన పేజీలో ఒక వరుస తీసేసి ప్రింటు కొట్టడం పెద్ద విద్య కాదు. ఈసీ మీరే తీయాలి. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ సైటులో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించాలి.

మీరే తీసినా సరిపోదు, దేనితో వెతికారన్నది ముఖ్యం. అపార్ట్‌మెంట్‌లో 302 ఫ్లాట్ అనుకోండి. ఫ్లాట్ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు కొడితే ఆ ఫ్లాటు లావాదేవీలే వస్తాయి. బిల్డరు ప్రాజెక్టు లోను కోసం తాకట్టు పెట్టింది స్థలం. అది సర్వే నంబరు, ప్లాటు నంబరు మీద ఉంటుంది. అందుకే ఫ్లాటుకు ఒక ఈసీ, కింది స్థలానికి ఇంకో ఈసీ. ఇండిపెండెంట్ ఇంటికైతే పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు, ప్లాటు, సర్వే నంబరు అన్నీ విడివిడిగా కొట్టాలి. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రలో జిల్లాలు మారాయి. రిజిస్ట్రార్ ఆఫీసుల పరిధులు కూడా అప్పుడప్పుడూ విడిపోతుంటాయి. ఇప్పటి ఆఫీసులో ఖాళీగా వచ్చిన ఆస్తికి పాత ఆఫీసులో తాకట్టు బయటపడొచ్చు.

చాలామందికి తట్టని లొసుగు ఇంకోటుంది. రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం దస్తావేజు రాసుకున్న నాలుగు నెలల్లోపు ఎప్పుడైనా రిజిస్ట్రేషన్‌కు పెట్టొచ్చు. 47వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరైన దస్తావేజు అమల్లోకి వచ్చేది రాసుకున్న తేదీ నుంచి, రిజిస్టరైన తేదీ నుంచి కాదు. అంటే ఈరోజు ఈసీ శుభ్రంగా ఉండి, అమ్మకందారు రెండు నెలల కిందటే ఇంకొకరికి రాసిచ్చి సంతకం పెట్టేసి ఉంటే, వాళ్లు వచ్చే నెల రిజిస్టర్ చేయించుకున్నా వాళ్లదే ముందు. ఈసీలో రిజిస్ట్రేషన్, ఎగ్జిక్యూషన్, ప్రెజెంటేషన్ అని మూడు తేదీలు వేరువేరుగా వేసేది ఉత్తినే కాదు. పైగా మార్కెట్ విలువ తగాదాతోనో మరోదానితోనో ఆగిన దస్తావేజు పీ నంబరుతో పెండింగులో ఉంటుంది. అదీ ఈసీలోకి రాదు. కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నోటిమాటగా పెండింగ్ నంబర్లు అడగాలి, ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందో స్థలానికి వెళ్లి చూడాలి. వాల్యుయేషన్ ఇంజినీరు రిపోర్టులో "ఆక్యుపైడ్ బై" గడి ఖాళీగా వదిలేస్తే వెనక్కి పంపండి.

#7 ఆర్‌సీయూ_డెస్క్

లింకు గారు చెప్పినదానికి: మెమొరాండం (కాగితాలు తాకట్టుగా ఇచ్చినట్టు రాసుకున్న పత్రం) రిజిస్టర్ చేయకుండా ఒరిజినల్స్ డిపాజిట్ చేసి పెట్టిన ఈక్విటబుల్ మార్ట్‌గేజ్ ఈసీలో కనిపించదు. దానికి సెర్సాయి, అంటే లెండర్లు తాకట్లు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ. ఆస్తి వివరాలతో వెతికితే అవతలి లెండర్ ఎలా టైపు చేశాడో అదే కొట్టాలి: 45/ఏ, 45ఏ, 45-ఏ మూడూ వేర్వేరు అక్కడ. అందుకే యజమాని పాన్‌తో కూడా వెతకండి. ఫీజు 10 రూపాయలు. దానికి కూడా "మార్చిలో చూశాం కదా" అని పాత ప్రింటే ఫైల్లో పెడతారు, ఎందుకో నాకర్థం కాదు. 2020 జనవరి 24 నుంచి సెర్సాయిలో నమోదు చేయని లెండర్‌కు సర్ఫేసీ (కోర్టుకెళ్లకుండా తాకట్టు ఆస్తితో బాకీ రాబట్టే చట్టం) కింద ఆస్తి స్వాధీనం చేసుకునే వీల్లేదు. కనుక మీ బ్యాంకు చార్జి (తాకట్టు హక్కు) డిస్బర్స్‌మెంట్ అయిన (లోను సొమ్ము ఇచ్చిన) వెంటనే ఎక్కిందో లేదో కూడా చూసుకోండి.

#8 మియాపూర్_డీఎస్‌ఏ

ఒరిజినల్ పోయిందని, సర్టిఫైడ్ కాపీ మీద లోను చేయమంటరు. ఎఫ్‌ఐఆర్ ఉంది, పేపర్ల ప్రకటన ఉంది. ఏం చేయాలె?

#9 లింకు_డాక్యుమెంట్

ఎఫ్‌ఐఆర్, ప్రకటన రెండూ "పోయింది" అని యజమాని చెప్పిన మాటకు సాక్ష్యాలు, పోయిందనడానికి కాదు. ఒరిజినల్ ఏ ప్రైవేటు ఫైనాన్స్ దగ్గరో కుదువలో ఉండగా ఈ తంతు నడపడం పాత పద్ధతి. నా అభిప్రాయం, రిటైల్ హోమ్ లోన్‌లో వదిలేయండి. బ్యాంకు పాలసీ ఒప్పుకుంటేనే, అదీ లీగల్ హెడ్ రాతపూర్వకంగా ఇస్తేనే.

ఒరిజినల్ చేతికొచ్చినప్పుడు చూడాల్సింది: సీసీ (సర్టిఫైడ్ కాపీ) మీరే సబ్ రిజిస్ట్రార్ దగ్గర అప్లై చేసి తెప్పించండి, పక్కపక్కన పెట్టండి. మొదట పేజీల సంఖ్య. తర్వాత హద్దులు. ఒరిజినల్లో తూర్పున రోడ్డు, సీసీలో తూర్పున పక్కవాళ్ల ప్లాటు అయితే ఆ షీటు మార్చినట్టే. తర్వాత రిజిస్ట్రేషన్ చట్టం 32ఏ సెక్షన్ కింద అతికించిన ఫొటోలు, వేలిముద్రలు. సీల్ షీట్ల వెనక ప్రతి షీటు మీదా పడి ఉండాలి. కలర్ జిరాక్స్‌లో సీల్ ఇంకు వెనక్కి ఊరదు. వెలుగుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఆ చేత్తోనే 22ఏ నిషేధిత జాబితా (రిజిస్టర్ చేయకూడని ఆస్తులది) కూడా చూడండి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు పంచినది) అయితే అమ్మకాలకు అడ్డుపడే 1977 నాటి చట్టం ఉంది, ఎన్ని చేతులు మారి ఎన్ని లింకులున్నా (పాత అమ్మకాల దస్తావేజులున్నా) చిక్కే.

#10 మియాపూర్_డీఎస్‌ఏ

థాంక్యూ సార్. అమ్మేటోడే దొంగ అయితే? కాగితాలన్నీ నిజమే ఉంటయి కదా.

#11 క్రెడిట్_బెజవాడ

అదే అన్నిటికన్నా కష్టమైనది. అసలు దస్తావేజు సీసీ తీసి, యజమాని పేరుతో ఆధార్, పాన్ తయారుచేసి, ఆ పేరుతోనే బ్యాంకు ఖాతా తెరిచి వస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల, అమరావతి వైపు, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండే మనవాళ్ల ఖాళీ ప్లాట్ల మీద ఎక్కువ కన్ను. ఏళ్ల తరబడి ఎవరూ వచ్చి చూడరు కదా.

చూడాల్సిన వరుస:

అమ్మకందారు ఖాతా ఎప్పుడు తెరిచారు? ఏడాది స్టేట్‌మెంట్ అడగండి. 40 రోజుల కిందటి ఖాతాలోకి 70 లక్షల డీడీ వెళ్లకూడదు. డీడీ రాసేటప్పుడు పేరు పక్కనే ఖాతా నంబరు కూడా రాయించండి.

లింకు దస్తావేజులో అతను కొన్నప్పటి ఫొటో, సంతకం, వేలిముద్ర ఉంటాయి. ఇప్పటి అగ్రిమెంట్ సంతకంతో పోల్చండి. పదేళ్లలో ముఖం మారుతుంది, వేలిముద్ర మారదు.

ఆస్తి పన్ను రసీదులు, లేఅవుట్ అసోసియేషన్ మెయింటెనెన్స్ రసీదులు అడగండి. దొంగ దగ్గర దస్తావేజు ఉంటుంది గానీ 2014 నాటి నలిగిన పన్ను రసీదు ఉండదు. అసోసియేషన్ రిజిస్టరులో యజమాని ఫోన్ నంబరు ఉంటే ఆ నంబరుకే ఫోన్ చేయండి, అమ్మకందారు ఇచ్చిన నంబరుకు కాదు.

50 లక్షలు, ఆపైన ఆస్తికి కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ కడతారు. అది రెసిడెంట్ అమ్మకందారుకే. పాత దస్తావేజులో చిరునామా అమెరికాదై ఉండి, ఇప్పుడు "నేను ఇక్కడే ఉంటున్నా" అని 1 శాతం కట్టమంటే పాస్‌పోర్టు చూపించమనండి.

#12 డాలస్_తమ్ముడు

ఎన్నారై అమ్మకాలు జీపీఏతో (తన బదులు ఇంకొకరికి అధికారమిచ్చే పత్రంతో) జరుగుతాయి కదండీ. ఇక్కడ కాన్సులేట్ అటెస్టేషన్ లేదా నోటరీ ప్లస్ అపొస్టిల్ (ఇతర దేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించి పంపుతాం. అక్కడ బ్యాంకు దాన్ని ఎలా నమ్మాలి?

#13 లింకు_డాక్యుమెంట్

మూడు చూస్తాం తమ్ముడూ. విదేశంలో రాసిన జీపీఏ ఇండియాకు చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు డ్యూటీ చెల్లించాలి, స్టాంపు చట్టం 18వ సెక్షన్. ఆ ముద్ర, తేదీ ఉండాలి. రెండు, జీపీఏలో ఈ ఆస్తి షెడ్యూలుతో సహా, అమ్మే అధికారం, సొమ్ము తీసుకునే అధికారం విడివిడిగా రాసుండాలి. "నా వ్యవహారాలన్నీ చూసుకొను అధికారము" అన్న ఒక్క వాక్యంతో అమ్మకం నడవదు. మూడు, ఇచ్చిన మనిషి బతికే ఉండాలి. మామూలు జీపీఏ ఆయన మరణంతో పోతుంది. రిజిస్ట్రేషన్ ముందురోజు వీడియో కాల్, చేతిలో పాస్‌పోర్టు, ఆ రోజు తేదీ ఆయన నోటితో చెప్పించడం. సొమ్ము మాత్రం యజమాని ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే (ఎన్నారైలకు ఇక్కడ ఉండే రూపాయల ఖాతా). జీపీఏ హోల్డర్ సొంత ఖాతాకు అంటే ఆపేయండి.

#14 బీటీ_స్పెషలిస్ట్

బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ (బీటీ, లోనును ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చడం) గురించి ఎవరూ రాయలేదేం? డబ్బు ముందు వెళ్లి, కాగితాలు తర్వాత వచ్చేది అందులోనే. మోసగాడికి అంతకన్నా ఏం కావాలి.

ఫోర్‌క్లోజర్ లెటర్ (లోను మూసేయడానికి ఎంత కట్టాలో పాత బ్యాంకు ఇచ్చేది) కస్టమర్ తెస్తాడు. దాంట్లో లోన్ ఖాతా నంబరు స్థానంలో అదే బ్యాంకులోని సేవింగ్స్ ఖాతా నంబరు పెడతారు. లెటర్‌హెడ్ నిజమే, అంకెలే మారతాయి. ఒక్కో బ్యాంకులో లోన్ ఖాతాకు, సేవింగ్స్ ఖాతాకు నంబరు నమూనా వేరు. శాంక్షన్ లెటరు, రీపేమెంట్ షెడ్యూలు, ఈఎంఐ కట్ అయ్యే నాచ్ మాండేట్ మూడింట్లోనూ ఉన్న లోన్ నంబరుతో పోల్చండి. ఆ తర్వాత పాత బ్యాంకు బ్రాంచికి మీ మనిషి వెళ్లి లెటర్ చూపించి బాకీ, రోజువారీ వడ్డీ, గడువు తేదీ రూఢి చేసుకోవాలి. లెటర్ మీద అచ్చయిన ఫోన్ నంబరుకు కాల్ చేయడం కన్ఫర్మేషన్ కాదు. అది వాడు వేసిన నంబరే కావచ్చు.

డీడీ "ఫలానా బ్యాంకు, లోన్ ఖాతా నం. ..." అని మాత్రమే. కస్టమర్ పేరు కనిపించకూడదు. డీడీ కస్టమర్ చేతికి ఇవ్వకూడదు, స్కూటర్ మీద వెనక కూర్చోబెట్టుకునైనా మీ మనిషే తీసుకెళ్లాలి.

ఇక కాగితాలు. రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం 2023 డిసెంబరు 1 నుంచి, పూర్తిగా చెల్లించిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగివ్వాలి, లేకపోతే రోజుకు 5,000 చొప్పున కస్టమర్‌కు పరిహారం. మంచి రూలు. కానీ ఆ 30 రోజులు మనకు చీకటి గది. ఆ గ్యాప్‌లో కస్టమర్ తనే వెళ్లి ఒరిజినల్స్ తీసుకుని మూడో చోట పెట్టేస్తాడు. డిస్బర్స్‌మెంట్‌కు ముందే రెండు తీసుకోండి: ఒరిజినల్స్ కొత్త బ్యాంకు ప్రతినిధికే ఇవ్వాలని కస్టమర్ రాసిన ఆథరైజేషన్‌కు పాత బ్యాంకు రిసీవ్డ్ ముద్ర, పాత బ్యాంకు ఇచ్చిన ఎల్‌ఓడీ (తన దగ్గరున్న కాగితాల జాబితా). ఎల్‌ఓడీలో 11 కాగితాలుంటే మీ చేతికి 11 రావాలి. తగ్గేది ఎప్పుడూ లింకు డాక్యుమెంటే.

#15 పేఅవుట్_పెండింగ్

ఒకే లోనుకు మూడు బ్యాంకుల్లో బీటీ లాగిన్ చేసేవాళ్లూ ఉన్నారు. మూడూ ఒకే వారంలో డిస్బర్స్ అయితే బ్యూరోలో (సిబిల్ లాంటి వాటిలో) కనబడదు కదా?

#16 బీటీ_స్పెషలిస్ట్

కనబడదు. లెండర్లు 15 రోజులకోసారి బ్యూరోకు డేటా పంపాలన్న రూలు 2025 జనవరి 1 నుంచి వచ్చింది, అంతకు ముందు నెలకోసారి. గ్యాప్ తగ్గింది గానీ పోలేదు. అయితే ఎంక్వైరీలు వెంటనే పడతాయి. లాగిన్ నాటి రిపోర్టుతో సరిపెట్టకుండా డిస్బర్స్‌మెంట్ రోజు మళ్లీ తీయండి. పది రోజుల్లో మూడు హోమ్ లోన్ ఎంక్వైరీలుంటే ప్రతి బ్యాంకు శాంక్షనూ రద్దయినట్టు లెటర్ అడగండి. అదీ కాక, పాత బ్యాంకు ఫోర్‌క్లోజర్ లెటర్లు ఎన్ని ఇచ్చిందో బ్రాంచిలో నోటితో అడిగితే చెప్తారు.

#17 కోడ్_కోసం_ఎదురుచూపు

నాకు వేరే సమస్య. కొత్త ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) అంట, డీఎస్‌ఏ కోడ్‌కు 25,000 రిఫండబుల్ డిపాజిట్, 3 శాతం పేఅవుట్ (కమిషన్) అంటున్నారు. పేరు చూస్తే నిజమైన కంపెనీదే. కట్టొచ్చా?

#18 గుంటూరు_కనెక్టర్

కట్టొద్దు తమ్ముడూ. పేరు నిజమైనదే ఉంటుంది, మనిషి ఆ కంపెనీ వాడు కాదు. రిజర్వ్ బ్యాంకు సైటులో రిజిస్టరైన ఎన్‌బీఎఫ్‌సీలు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల జాబితా ఉంది. 2019 ఆగస్టు 9 నుంచి హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల నియంత్రణ కూడా రిజర్వ్ బ్యాంకుదే. సర్టిఫికెట్ రద్దయిన వాటి జాబితా వేరే ఉంటుంది, అదీ చూడాలి. జాబితాలోని రిజిస్టర్డ్ ఆఫీసుకు మీరే ఫోన్ చేసి ఈ మనిషి పేరు, ఎంప్లాయీ ఐడీ అడగండి. డిపాజిట్ అడిగిన యూపీఐ ఐడీ వ్యక్తి పేరు మీదుంటే ఆ ఫోన్ కూడా దండగ.

హోమ్ లోన్‌కు 3 శాతం పేఅవుట్ అన్నప్పుడే నవ్వు రావాలి, ఆ మార్జిను ఎక్కడుంది? "మాకు నెలకు పది లక్షలు పేఅవుట్ వస్తుంది" అని ఎవరైనా స్క్రీన్‌షాట్లు చూపిస్తే 26ఏఎస్ చూపించమనండి. కమిషన్ మీద టీడీఎస్ కట్ అవుతుంది, 2024 అక్టోబరు 1 నుంచి 2 శాతం. నెలకు పది లక్షలొచ్చేవాడి 26ఏఎస్‌లో నెలకు 20 వేల టీడీఎస్ కనబడాలి.

#19 ఆర్‌సీయూ_డెస్క్

ఇంకా పెద్ద ఉచ్చు "ప్రైవేట్ ఫండ్". 100 కోట్ల ప్రాజెక్టు లోను, సిబిల్ అక్కర్లేదు, ఏజెంటుకు 2 శాతం. ముందుగా బిల్డరు "లీగల్ ఫీజు, ఇన్సూరెన్సు, స్టాంపు డ్యూటీ" కింద ఎనిమిదో పదో లక్షలు కట్టాలంటారు. బిల్డరును తెచ్చేది ఏజెంటు, డబ్బు కట్టించేది ఏజెంటు, ఆఫీసు ఖాళీ చేసి పోయేది ఆ ఫండ్ వాళ్లు. బిల్డరుకు తెలిసిన ముఖం ఒక్కటే, ఏజెంటుది. భారతీయ న్యాయ సంహిత 318 కింద కేసు పెడితే మొదటి పేరు మీదే.

అలాగే మీ కోడ్ మీద వేరేవాళ్ల ఫైళ్లు లాగిన్ చేయనివ్వడం. "సగం పేఅవుట్ నీకు" అంటారు, ఫైలు మీరు చూడనైనా చూడరు. అది దొంగ ఫైలైతే సోర్సింగ్ డిక్లరేషన్ మీద సంతకం మీదే.

#20 క్రెడిట్_బెజవాడ

ఏపీకే గురించి నేను రాస్తాను. కస్టమర్ పేరుతో వాట్సాప్‌లో "శాంక్షన్ లెటర్", "పే స్లిప్స్" అని ఫైలు వస్తుంది, చివర .ఏపీకే. మనకు రోజూ పీడీఎఫ్‌లు వస్తూ ఉంటాయి కాబట్టి వేలు అదే ఊపులో నొక్కేస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక ఎస్‌ఎంఎస్, యాక్సెసిబిలిటీ అనుమతులు అడుగుతుంది. ఇస్తే ఓటీపీలు అటు పోతాయి, మీ వాట్సాప్ నుంచి మీ కస్టమర్లందరికీ అదే ఫైలు పోతుంది.

నొక్కేస్తే ఈ వరుసలో: ఏరోప్లేన్ మోడ్, వైఫై కూడా ఆఫ్. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి నెట్ బ్యాంకింగ్, యూపీఐ బ్లాక్. డబ్బు పోయుంటే వెంటనే 1930 (సైబర్ మోసాల హెల్ప్‌లైన్). తర్వాత ఆ యాప్ యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు ముందు తీసేయండి, అవి ఉండగా అన్‌ఇన్‌స్టాల్ కాదు. మొండికేస్తే సేఫ్ మోడ్‌లో తీయండి. కాల్ ఫార్వర్డింగ్ ఉందేమో *#21# కొట్టి చూసి, ##002# తో రద్దు చేయండి. వాట్సాప్‌లో లింక్‌డ్ డివైసెస్ అన్నీ లాగౌట్. పాస్‌వర్డులు వేరే ఫోను నుంచి మార్చండి. చివరగా ఫ్యాక్టరీ రీసెట్.

బ్యాంకు సైట్లు ఇప్పుడు .బ్యాంక్.ఇన్ కు మారాయి, గడువు 2025 అక్టోబరు 31తో అయిపోయింది. డీఎస్‌ఏ పోర్టల్ లింకు వేరే చివరతో వస్తే లాగిన్ కొట్టకండి.

#21 బీటీ_స్పెషలిస్ట్

బిల్డర్ ఖాతా మారిందని వచ్చే మెయిల్ కూడా. నాలుగు శ్లాబుల (కట్టడం దశల వారీ) డబ్బు ఒక ఖాతాకు వెళ్లాక ఐదో శ్లాబుకు "కొత్త ఖాతాకు పంపండి" అని మెయిల్. డొమైన్‌లో ఒక అక్షరం తేడా. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ప్రాజెక్టుకు ప్రత్యేక ఖాతా ఉంటుంది, కొనుగోలుదార్ల డబ్బులో 70 శాతం అందులో ఉండాలి. ఖాతా మార్పంటే ట్రైపార్టీ అగ్రిమెంటు (కొనేవాళ్లు, బిల్డరు, బ్యాంకు మధ్య ఒప్పందం) సవరణ, కంపెనీ తీర్మానం, ఫైల్లో మొదటి నుంచీ ఉన్న నంబరుకు ఫోను. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్‌లలో ఇప్పుడు ఖాతాదారు పేరు చూసే సౌకర్యం ఉంది, వాడండి. కానీ పేరు మొత్తం చదవండి. మన దగ్గర "శ్రీ సాయి" తో మొదలయ్యే ఫర్ములు వీధికి రెండు. చివర "ప్రైవేట్ లిమిటెడ్" లేకపోతే అది ఎవరో ప్రొప్రయిటర్ ఖాతా.

క్యాన్సిల్డ్ చెక్కు మీద ఎంఐసీఆర్ (చెక్కు కింద ఉండే బ్యాంకు బ్రాంచి కోడ్) మొదటి మూడంకెలు ఊరివి. హైదరాబాద్ 500, విజయవాడ 520, విశాఖ 530. హైదరాబాద్ బిల్డరు చెక్కు మీద వేరే ఊరి కోడ్ ఉంటే కారణం అడగండి.

#22 టార్గెట్_సేల్స్

అందరికీ దండం. ఇవన్నీ చేస్తే నెలకు రెండు ఫైళ్లు అవుతాయి. 30వ తారీఖు సాయంత్రం మేనేజర్ ఫోన్ చేస్తే మీరు చెప్తారా ఈసీ మళ్లీ తీస్తున్నానని?

#23 ఆర్‌సీయూ_డెస్క్

నెలాఖరు సాయంత్రం అని మీకెంత తెలుసో అవతలివాడికీ అంతే తెలుసు సార్. అందుకే ఆ ఫైళ్లు ఆ రోజే వస్తాయి. టైము లెక్కేద్దాం. పాన్, ఆధార్ క్యూఆర్ 5 నిమిషాలు. వడ్డీ లైను, కూడికలు 10. యూడీఐఎన్ 3. సెర్సాయి 10. ఆన్‌లైన్ ఈసీ రెండు మూడు రకాలుగా 20. గంట కూడా కాలేదు, ఇవన్నీ లాగిన్ రోజే అయిపోయేవి. బయటికెళ్లి చేసేవి సీసీ, పాత బ్యాంకు బ్రాంచి, స్థలం. వాటిని లీగల్‌కు ఫైలు పంపిన రోజే మొదలుపెడితే 30 దాకా రావు.

#24 టార్గెట్_సేల్స్

సరే, ఒప్పుకుంటున్నా. లాగిన్ అయ్యాక దొంగ కాగితం అని తెలిస్తే? ఫైలు విత్‌డ్రా చేసేస్తే సరిపోదా?

#25 ఆర్‌సీయూ_డెస్క్

సరిపోదు, పైగా అనుమానం మీ మీదకే వస్తుంది. కాగితం కస్టమర్‌కు తిరిగివ్వకండి. ఫోన్ చేసి "నీది ఫేక్" అనకండి. వచ్చిన మెయిల్, వాట్సాప్ చాట్ డిలీట్ చేయకుండా, ఎప్పుడు ఎవరి నుంచి ఏ రూపంలో వచ్చిందో ఆర్‌సీయూకు (లెండర్ దగ్గర మోసాలు పట్టే విభాగానికి) మెయిల్‌లో రాయండి, నోటిమాట చాలదు. ఫ్రాడ్ అని తేల్చడం బ్యాంకు పని. రిజర్వ్ బ్యాంకు 2024 జులై 15 మాస్టర్ డైరెక్షన్స్ ప్రకారం షోకాజ్ ఇచ్చి, జవాబుకు కనీసం 21 రోజులు ఇవ్వాలి. సహకరించిన అడ్వకేట్, వాల్యుయర్ లాంటి వాళ్ల వివరాలు బ్యాంకుల సంఘం ఐబీఏకు వెళ్తాయి, అక్కడి జాగ్రత్త జాబితా బ్యాంకులన్నిటికీ అందుతుంది. మీరు ముందుగా రాసిన మెయిలే అప్పుడు మీకు ఆధారం.

#26 కోడ్_కోసం_ఎదురుచూపు

25,000 అడిగినతను ఇప్పుడు వేరే నంబరు నుంచి సీబీఐ అని వీడియో కాల్ చేస్తున్నాడు. నా పాన్ మీద మనీ లాండరింగ్ కేసట, ఫోన్ పెట్టొద్దంటున్నాడు.

#27 గుంటూరు_కనెక్టర్

పెట్టేయ్. డిజిటల్ అరెస్ట్ అన్నది ఏ చట్టంలోనూ లేదు. స్క్రీన్‌షాట్ తీసి, రెండు నంబర్లూ, యూపీఐ ఐడీ కలిపి 1930కి ఇప్పుడే చెప్పు. ఇప్పటికే పాన్, ఆధార్ కాపీలు అతనికి పంపి ఉంటే ఆధార్ బయోమెట్రిక్ లాక్ చెయ్యి, వచ్చే రెండు నెలలూ సిబిల్ రిపోర్టు తీసి నీ పేరు మీద కొత్త ఎంక్వైరీలేమైనా పడ్డాయేమో చూడు.

#28 మియాపూర్_డీఎస్‌ఏ

లాస్ట్ డౌటు. ఈసీ మరి ఎన్నిసార్లు తీయాలె?

#29 లింకు_డాక్యుమెంట్

మూడు. లాగిన్ రోజు ఒకటి, డీడీ తయారయ్యే రోజు పొద్దున ఒకటి, రిజిస్ట్రేషన్ అయిన పది రోజులకు ఇంకోటి. మూడోదాంట్లో పైనుంచి రెండు వరుసలు మీ కస్టమర్ సేల్ డీడ్, మీ బ్యాంకు మెమొరాండం కావాలి. మధ్యలో మూడో వరుస కనిపిస్తే అదే రోజు లీగల్‌కు ఫోన్ చేయండి.